హీమోఫీలియా బి ఉన్న బాబుకు ఇంట్లోనే ఫ్యాక్టర్ 9 ఎలా ఎక్కించాలి

హీమోఫీలియా బి అంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 9 అనే ప్రోటీన్ ఒంట్లో తక్కువగా ఉండే జబ్బు. అది ఉన్న ఇంట్లో చిన్నా పెద్దా అందరికీ తెలిసి ఉండాల్సిన మాట ఒకటుంది. బ్లీడ్, అంటే ఒంట్లో ఎక్కడైనా రక్తస్రావం, అయిందన్న అనుమానం రాగానే ఫ్యాక్టర్ పడాలి. మోకాలు ఉబ్బాక కాదు, బాబు నొప్పికి ఏడ్చాక కాదు, పొద్దున మొదటి బస్సు దొరికాక అసలే కాదు. ఏటూరునాగారం నుంచి వరంగల్ రావాలంటే వంద కిలోమీటర్ల దగ్గర. లోపలి గూడేల నుంచైతే ఇంకా ఎక్కువ. రాత్రి తొమ్మిదికి మొదలైన బ్లీడ్‌కు మర్నాడు పదకొండింటికి ఫ్యాక్టర్ ఎక్కిస్తే, ఆ మధ్య గంటలన్నీ కీలులో రక్తం చేరుతూనే ఉంటుంది. ఒకే కీలులో మళ్లీ మళ్లీ రక్తం చేరితే లోపలి పొర వాచిపోతుంది, ఎముకల చివర్ల మీది నునుపైన మృదులాస్థి కరిగిపోతుంది. ఇరవై ఏళ్లు నిండకుండానే మోకాలు వంగని కుర్రాళ్లను మన జిల్లాల్లో చూస్తూనే ఉన్నాను. వాళ్లలో చాలామందికి మందు అందింది, కానీ ఆలస్యంగా అందింది.

నర్సుగా నేను అమ్మానాన్నలకు ఈ పని దగ్గరుండి నేర్పిస్తుంటాను. ఇది చదివి రేపే సూది పట్టుకోమని చెప్పడం లేదు. డాక్టర్ ఒప్పుకోవాలి, ఆసుపత్రిలో నర్సు పక్కన నిలబడి మీ చేత కొన్నిసార్లు చేయించాలి. ఆ తర్వాత ఇంట్లో గుర్తు చేసుకోవడానికి ఇది పనికొస్తుంది.

ముందు కాగితాలు తీయండి

రిపోర్టులో ఏ అని ఉందా, బి అని ఉందా చూడండి. ఏ అంటే రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ 8 తక్కువ, బి అంటే ఫ్యాక్టర్ 9 తక్కువ. మామూలుగా ఉండాల్సిన దాంట్లో అది ఎంత శాతం ఉందో కూడా రాసి ఉంటుంది. ఒకటి కన్నా తక్కువైతే తీవ్రం, 1 నుంచి 5 మధ్యస్థం, 5 నుంచి 40 స్వల్పం. తీవ్రంగా ఉన్నవాళ్లకు దెబ్బ తగలకుండానే కీళ్లలో బ్లీడ్ అవుతుంది.

ఏ, బి తేడా దగ్గర ఇంటివాళ్లు గట్టిగా నిలబడాల్సిన సందర్భాలు వస్తాయి. హీమోఫీలియా ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఏ రకం వాళ్లే. అందుకే చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో హీమోఫీలియా అనగానే చేయి ఫ్యాక్టర్ 8 మీదికి వెళ్తుంది. అది మీ బాబుకు పని చేయదు. బ్లడ్ బ్యాంకులో ప్లాస్మా నుంచి తీసే క్రయోప్రెసిపిటేట్ (క్రయో) కూడా పని చేయదు, ఎందుకంటే అందులో ఫ్యాక్టర్ 9 ఉండదు. ఫ్యాక్టర్ 9 ఎక్కడా దొరకని అత్యవసరంలో బ్లడ్ బ్యాంకు నుంచి తెప్పించాల్సింది ఫ్రెష్ ఫ్రోజెన్ ప్లాస్మా, అంటే రక్తం నుంచి వేరు చేసి గడ్డకట్టించి నిల్వ ఉంచిన పసుపు ద్రవం. చర్మం కింద వేసే ఎమిసిజుమాబ్ ఇంజెక్షన్ గురించి ఫోన్లలో చాలా వీడియోలు తిరుగుతుంటాయి. అది ఏ రకానికే, బి రకానికి పనికిరాదు. ఎవరు ఏ సీసా తెచ్చినా లేబుల్ మీద 9 గానీ, రోమన్ అంకెలో ఐ, ఎక్స్ అక్షరాలు గానీ ఉన్నాయో లేదో మీ కళ్లతో చూడండి. డ్యూటీ డాక్టర్ ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

రీకాంబినెంట్ అంటే ఏమిటి, దేనికది

ఫ్యాక్టర్ 9 రెండు రకాలుగా తయారవుతుంది. ఒకటి దాతల ప్లాస్మా నుంచి తీసినది. రెండోది రీకాంబినెంట్, అంటే మనిషి రక్తంతో సంబంధం లేకుండా, ఫ్యాక్టర్ 9 జన్యువును చైనీస్ హామ్‌స్టర్ అనే ఎలుక జాతి జంతువు కణాల్లో పెట్టి ఆ కణాల చేత తయారు చేయించినది. 1982లో ఆ జన్యువును విడదీయగలిగారు. 1997లో మొదటి రీకాంబినెంట్ ఫ్యాక్టర్ 9, బెనెఫిక్స్, అమెరికాలో అనుమతి పొందింది. దాని విలువ తెలియాలంటే అంతకు ముందు జరిగింది తెలియాలి. 1952లో ఈ జబ్బును వేరుగా గుర్తించింది స్టీఫెన్ క్రిస్మస్ అనే బాలుడిలో. దీన్ని క్రిస్మస్ డిసీజ్ అని కూడా అంటున్నది అతని ఇంటిపేరు మీదే. అతను ఎక్కించుకున్న రక్తం ద్వారానే హెచ్ఐవీ సోకి, 1993లో ఎయిడ్స్‌తో చనిపోయాడు. ఆ కాలంలో అలా పోయినవాళ్లు ప్రపంచమంతా వేలల్లో ఉన్నారు.

ఇప్పుడు ప్లాస్మా ఫ్యాక్టర్‌ను కూడా వైరస్‌లు చనిపోయేలా శుద్ధి చేస్తున్నారు. కాబట్టి ఆసుపత్రిలో ఆ రోజు ప్లాస్మా రకమే ఉంటే వద్దని వెనక్కి రాకండి. బాబు కీలుకు ఆలస్యమే అసలు శత్రువు. కాకపోతే రెండింటి డోసు లెక్క ఒకటి కాదు, దాని సంగతి కింద చెప్తాను.

ఎక్కువ కాలం నిలిచే రకాలు కూడా వచ్చాయి. 2014లో ఆల్ప్రోలిక్స్, 2016లో ఐడెల్వియన్. మామూలు ఫ్యాక్టర్ 9 ఒంట్లో 18 నుంచి 24 గంటల్లో సగానికి తగ్గుతుంది. ఇవైతే మూడు నాలుగు రోజులు పడుతుంది. మీకు ఏది రాశారో ఆ పేరు డైరీ మొదటి పేజీలో రాసిపెట్టుకోండి.

ఇంట్లో మొదలుపెట్టే ముందు ఈ ఒక్క విషయంలో తొందరపడకండి

హీమోఫీలియా బిలో, ముఖ్యంగా తీవ్ర రకంలో, కొద్దిమందికి ఫ్యాక్టర్ 9 అంటేనే ఒళ్లు ఎదురు తిరుగుతుంది. దద్దుర్లు, పెదాలు వాయడం, ఆయాసం, కళ్లు తిరగడం, ఒక్కోసారి బీపీ పడిపోవడం కూడా జరుగుతుంది. అందుకే మొదటి పది నుంచి ఇరవై డోసులు ఆసుపత్రిలోనే వేయించాలి. ఊరు దూరమని, కూలి పోతుందని దీన్ని దాటేయొద్దు. ఇలా ఎలర్జీ వచ్చేవాళ్లలో తరచుగా ఇన్హిబిటర్ కూడా వస్తుంటుంది. అంటే ఎక్కించిన ఫ్యాక్టర్‌ను పని చేయనీయకుండా ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి. ఎప్పుడూ తగ్గే డోసుకు బ్లీడ్ తగ్గడం లేదంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. బెథెస్డా అనే రక్తపరీక్షతో తెలుస్తుంది. బాగానే ఉన్నా ఏడాదికోసారి, ఏ ఆపరేషన్‌కైనా ముందు, ఈ పరీక్ష అడగండి. ఇన్హిబిటర్ ఉందని తేలితే మందే మారుతుంది, ఇంటి డోసు ఆపి హెమటాలజిస్టు (రక్త జబ్బుల డాక్టర్) దగ్గరికి వెళ్లాలి.

ఎంత ఎక్కించాలి

ఎంత శాతానికి పెంచాలో డాక్టర్ చెప్తారు. లెక్క మాత్రం మీకూ రావాలి. అర్ధరాత్రి ఫోన్ కలవకపోతే ఆ కాగితమే దిక్కు.

బరువును పెంచాల్సిన శాతంతో గుణించండి. ప్లాస్మా ఫ్యాక్టర్ 9 అయితే దాదాపు అన్ని యూనిట్లే చాలు. మామూలు రీకాంబినెంట్ అయితే అదే యూనిట్లకు ఒంట్లో శాతం కొంచెం తక్కువ పెరుగుతుంది. కాబట్టి వచ్చిన అంకెను పెద్దవాళ్లకు 0.8తో, పిల్లలకు 0.7తో భాగించాలి. 20 కిలోల బాబుకు మోకాలి బ్లీడ్, 40 శాతానికి పెంచమన్నారనుకుందాం. ఇరవై నలభైల ఎనిమిది వందలు. 0.7తో భాగిస్తే 1,143 యూనిట్లు. వెయ్యి యూనిట్ల సీసా ఒకటి, 250ది ఒకటి కలిపి 1,250 వేస్తారు. సీసా తెరిచాక మిగిల్చి దాచడం ఉండదు, పై అంకెకు సర్దుకోవడమే. అదే 60 కిలోల పెద్దమనిషికైతే 2,400ను 0.8తో భాగిస్తే 3,000.

ఎక్కువ కాలం నిలిచే రకాలకు ఈ భాగహారం వర్తించదు. ఒక్కో మందుకు ఒక్కో లెక్క ఉంది, దాన్ని డాక్టర్ చేతనే రాయించుకోండి.

కీలు బ్లీడ్‌కు మందు బాగా దొరికే చోట 40 నుంచి 60 శాతం వరకు పెంచుతారు. కొరత ఉన్న చోట 10 నుంచి 20తో సరిపెడతారు. తల, మెడ, పొట్ట, గజ్జ దగ్గర లోతు కండరం అయితే మొదటి డోసే 60 నుంచి 80 శాతానికి పోవాలి. అందుకని నా మాట వింటే, ఇంట్లో నిల్వ ఎంత తక్కువున్నా ఒక తలదెబ్బకు సరిపడా సీసాలు ఎప్పుడూ ముట్టకుండా ఉంచండి. 20 కిలోల బాబుకు 60 శాతానికి 1,714, అంటే 1,750 యూనిట్లు. బరువు పెరిగినప్పుడల్లా ఈ లెక్క మళ్లీ వేయాలి. నిరుడు రాసిన డోసు ఈ ఏడాది బాబుకు చాలదు.

ఎండాకాలం, కరెంటు, ఫ్రిజ్

సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, గడ్డకడితే ఆ మందు పనికిరాదు. మాటిమాటికీ తెరిచే ఫ్రిజ్ తలుపులో కాకుండా మధ్య అరలో, పెరుగు గిన్నె ఒలికినా తడవకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టండి. కొన్ని రకాలను 30 డిగ్రీల వరకు బయట ఉంచవచ్చని డబ్బా మీద ఉంటుంది. కానీ రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన ఎండల్లో రేకుల ఇంటి లోపల కూడా 30 దాటే ఉంటుంది. ప్రయాణంలో థర్మోకోల్ డబ్బా, ఐస్ ప్యాక్, మధ్యలో మందపాటి గుడ్డ. సీసా ఐస్‌కు నేరుగా తగలకూడదు. బైక్ డిక్కీలో, ఎండలో ఆపిన కారులో వదిలేయకండి.

ఎక్కించే పని

ఇద్దరుంటే మంచిది. ఒకరు బాబును కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్తుంటే, ఒకరు సూది చూసుకోవాలి. వెలుతురు బాగా ఉన్న చోట బల్ల తుడిచి శుభ్రమైన గుడ్డ పరవండి. ఫ్రిజ్‌లో నుంచి తీసిన సీసాను గది వేడికి రానివ్వండి. వేడి నీళ్లలో, పొయ్యి దగ్గర పెట్టొద్దు. గడువు తేదీ చూడండి. లేబుల్ మీద 9 ఉందో లేదో మళ్లీ చూడండి. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి.

పొడి సీసా మీది ప్లాస్టిక్ మూత తీసి, రబ్బరు బిరడాను స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వండి. ఆ తర్వాత దాన్ని వేలితో ముట్టొద్దు, ఊదొద్దు. కిట్‌లో వచ్చే అడాప్టర్‌ను నిటారుగా నొక్కి బిగించి, ద్రావణం ఉన్న సిరంజిని దానికి తిప్పి పెట్టి, ద్రావణాన్ని నెమ్మదిగా లోపలికి వదలండి. ఇక్కడ కుదపడం చాలామంది చేసే పొరపాటు. టానిక్ సీసాలా ఊపితే నురగ వస్తుంది, ప్రోటీన్ చెడుతుంది. సీసాను రెండు వేళ్లతో పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ ఉండండి. పొడి అంచుల నుంచి విడిపోయి, మబ్బు పట్టినట్టున్న నీళ్లు మెల్లగా తేటపడతాయి. తేటగా, రంగు లేకుండా ఉంటేనే వాడాలి. నలకలు కనిపిస్తే పక్కన పెట్టి, ఆ సీసాను పారేయకుండా ఆసుపత్రిలో చూపించండి. రెండు మూడు సీసాలైతే అన్నీ ఒకే పెద్ద సిరంజిలోకి లాక్కోండి. కలిపాక బెనెఫిక్స్ అయితే 3 గంటల్లోపు ఎక్కించేయాలి. కలిపిన మందును మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టడం ఉండదు.

ఇప్పుడు నరం. మోచేతి మడతలో, ముంజేతి మీద, అరచేతి వెనుక వెతకండి. దొరకకపోతే బాబుకు రెండు గ్లాసుల నీళ్లు తాగించి, చేతిని కాసేపు గోరువెచ్చని నీళ్లలో పెట్టించి, చేయి కిందికి వేలాడదీయించండి. కంటికి కనిపించే నరం కన్నా వేలికి మెత్తగా, స్ప్రింగులా తగిలే నరం నమ్మకమైనది. రబ్బరు బ్యాండును సూది గుచ్చే చోటుకు నాలుగు వేళ్ల దూరం పైన కట్టండి, నిమిషం దాటి ఉంచొద్దు. స్పిరిట్ పూర్తిగా ఆరాక 23 లేదా 25 నంబరు బటర్‌ఫ్లై సూదిని (రెక్కలు, సన్న ట్యూబు ఉండేది), ఏటవాలు నోరు పైకి వచ్చేలా, చర్మానికి దాదాపు ఆనుకునేలా వాల్చి పోనివ్వండి. ట్యూబులో చుక్క రక్తం కనిపించిందంటే నరంలో ఉన్నట్టే. రెక్కల మీద టేపు వేసి, బ్యాండు విప్పండి. బ్యాండు విప్పడం మర్చిపోయి మందు తోస్తే నరం పగిలి నల్లటి గడ్డ కడుతుంది.

రీకాంబినెంట్ ఫ్యాక్టర్ 9 దగ్గర ఒక జాగ్రత్త ఉంది. ట్యూబులోకి ఎక్కువ రక్తం రానివ్వొద్దు, సిరంజిలోకి అసలే రానివ్వొద్దు. ట్యూబులోనో సిరంజిలోనో రక్తం ముద్దలుగా కట్టినట్టు కనిపిస్తే ఆ సెట్టు, ఆ మందు మొత్తం ఆపేసి కొత్త ప్యాకెట్‌తో మొదలుపెట్టాలి. ఎంత ఖరీదైనా సరే, ఆ మందు నరంలోకి పోకూడదు.

మందు నెమ్మదిగా తోయండి, బెనెఫిక్స్ అయితే నిమిషానికి 4 మిల్లీలీటర్లు మించకుండా. మధ్యమధ్యలో బాబు ముఖం, మెడ చూడండి. మంట, దురద, ఛాతీ పట్టేయడం, దగ్గు, ఏది వచ్చినా ఆపేసి 108కి ఫోన్ చేయండి. సూది చుట్టూ చర్మం ఉబ్బితే నరం తప్పినట్టు, అక్కడ ఆపి సూది తీసి నొక్కి పట్టండి. అంతా సవ్యంగా అయ్యాక సూది తీసి, చేయి చాపే ఉంచి, దూదితో ఐదు నిమిషాలు నొక్కండి. మోచేయి మడిచి పెట్టడం మనకు అలవాటు. వద్దు, నరం నలుగుతుంది. సూదులన్నీ గట్టి ప్లాస్టిక్ క్యాన్‌లో వేసి, నిండాక ఆసుపత్రిలో ఇచ్చేయండి.

అప్పుడే డైరీ తీయండి. తేదీ, టైము, ఏ కీలు, ఎన్ని యూనిట్లు, సీసా మీది బ్యాచ్ నంబరు. చాలా సీసాలకు ఊడదీసి అంటించే స్టిక్కరు ఉంటుంది. వరంగల్ ఎంజీఎం కానీ, మీ జిల్లా ఆసుపత్రి కానీ, తర్వాతి నెల సీసాలు అడిగేటప్పుడు ఈ డైరీ, ఖాళీ సీసాలు మీ తరఫున మాట్లాడతాయి.

రెండు సార్లు గుచ్చినా నరం దొరకకపోతే మూడోసారి మీరు ప్రయత్నించొద్దు. కలిపిన మందు, డైరీ తీసుకుని దగ్గరి పీహెచ్‌సీకి వెళ్లండి. అక్కడి స్టాఫ్ నర్సుకు నరంలోకి సూది వేయడం వచ్చు, మందు మీ చేతిలో ఉంది.

ఫ్యాక్టర్ పడ్డాక, పడకముందు చేయకూడనివి

కీలును కదపకుండా దిండు మీద ఎత్తుగా పెట్టి, గుడ్డలో చుట్టిన ఐస్ పావుగంట ఉంచి తీసేయండి, నాలుగైదు గంటలకోసారి మళ్లీ పెట్టండి. క్రేప్ బ్యాండేజీ కడితే వేలిగోళ్లు నీలం కాకుండా చూసుకోండి. మర్నాటికి నొప్పి పూర్తిగా తగ్గకపోతే డాక్టర్‌ను అడిగి రెండో డోసు వేయాలి. మామూలు ఫ్యాక్టర్ 9 రోజుకోసారి సరిపోతుంది. నొప్పి తగ్గాక ఫిజియోథెరపీ మొదలుపెట్టకపోతే తొడ కండ సన్నబడి, అదే మోకాలికి మళ్లీ బ్లీడ్ అవుతుంది.

మన ఊళ్లలో మోకాలు ఉబ్బితే మొదట గుర్తొచ్చేది ఆర్ఎంపీ, ఆయన వేసే నొప్పి సూది. హీమోఫీలియా ఉన్నవాళ్లకు ఇది రెండు విధాలా ప్రమాదం. డైక్లోఫినాక్ మందే రక్తాన్ని ఇంకా పల్చబరుస్తుంది, పైగా పిరుదు కండలో సూది గుచ్చితే ఆ కండలోనే బ్లీడ్ అవుతుంది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ కూడా వద్దు. నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. మీ ఊరి ఆర్ఎంపీతో తగవు పెట్టుకోకుండా, ముందే ఒకసారి కూర్చుని ఈ సంగతి చెప్పి ఉంచండి. అర్ధరాత్రి మీరు లేనప్పుడు మీ అత్తమ్మ బాబును తీసుకెళ్లేది ఆయన దగ్గరికే. పసరు కట్లు, నూనెతో మర్దన, వేడి కాపడం, ఇవన్నీ బ్లీడ్‌ను పెంచేవే. టీకాలు మాత్రం మానొద్దు. సన్న సూదితో వేయించి కనీసం పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి. కండలో కాకుండా చర్మం కింద వేయగలరేమో అడగండి.

పళ్లు ఊడేటప్పుడు, చిగుళ్ల నుంచి రక్తం ఆగనప్పుడు ట్రానెక్సమిక్ యాసిడ్ బాగా పనిచేస్తుంది, డాక్టర్ రాసిస్తారు. మూత్రంలో రక్తం పడుతుంటే మాత్రం అది వాడకూడదు.

తలకు దెబ్బ తగిలితే బయటికి ఏమీ కనిపించకపోయినా ముందు పెద్ద డోసు, ఆ తర్వాత ప్రయాణం, ఆ తర్వాత స్కానింగ్. ఈ వరుస మార్చొద్దు. వాంతులు, మత్తు, తగ్గని తలనొప్పి వచ్చేదాకా చూడొద్దు. గజ్జలో నొప్పి వచ్చి, కాలు చాపలేక, నడుం వంచి నడుస్తున్నాడంటే అది లోతు కండరంలో బ్లీడ్ కావచ్చు. కుడివైపు వస్తే అపెండిసైటిస్ అనుకుని ఆపరేషన్ దాకా పోయే ప్రమాదం ఉంది, అందుకే హీమోఫీలియా అన్న మాట మొదటి వాక్యంలోనే చెప్పండి.

బ్లీడ్ రాకముందే వేయడం

ఇప్పటిదాకా చెప్పింది బ్లీడ్ అయ్యాక చేసే పని. తీవ్ర రకం ఉన్న పిల్లలకు అసలైన వైద్యం బ్లీడ్ రాకుండా క్రమంగా ఫ్యాక్టర్ వేయడం, దాన్నే ప్రొఫైలాక్సిస్ అంటారు. ఫ్యాక్టర్ 8 కన్నా 9 ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి బి రకం వాళ్లకు వారానికి రెండుసార్లు చాలు. మందు తక్కువున్న చోట కిలోకు 10 నుంచి 15 యూనిట్ల చిన్న డోసుతో కూడా బ్లీడ్లు తగ్గుతాయి. ఎక్కువ కాలం నిలిచే రకమైతే వారానికో, రెండు వారాలకో ఒకసారి. దీని గురించి డాక్టర్ చెప్పేదాకా ఆగకుండా మీరే అడగండి. బడికి వెళ్లే రోజు పొద్దున వేస్తే, ఆడుకునే వేళకు ఒంట్లో ఫ్యాక్టర్ ఎక్కువగా ఉంటుంది. పదేళ్లు దాటిన పిల్లలకు మెల్లగా తమకు తామే వేసుకోవడం నేర్పించవచ్చు.

జేబులో ఉండాల్సిన కాగితం

మేడారం జాతరకు వెళ్లినా, పెళ్లికి కరీంనగర్ వెళ్లినా, బాబు బ్యాగులో రెండు డోసులు, సెట్టు, ఒక కాగితం ఉండాలి. బడిలో క్లాస్ టీచర్ దగ్గర దాని నకలు ఇవ్వండి. హీమోఫీలియా 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో చేరి ఉంది. కాబట్టి ధ్రువపత్రానికి, యూడీఐడీ కార్డుకు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు పెట్టి, దాని నకలు కూడా ఇందులోనే పెట్టండి. కాగితం మీద పెద్ద అక్షరాలతో, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ, ఇంత రాయండి: బాబు పేరు, బ్లడ్ గ్రూపు, బరువు, తేదీ. హీమోఫీలియా బి, ఫ్యాక్టర్ 9 ఇంత శాతం. ఇన్హిబిటర్ ఉందా లేదా, చివరి పరీక్ష ఎప్పుడు. వాడే మందు పేరు, కీలుకు ఇన్ని యూనిట్లు, తలకు ఇన్ని యూనిట్లు. ఫ్యాక్టర్ 8 వద్దు, క్రయో వద్దు, ఫ్యాక్టర్ 9 లేకపోతే ఫ్రెష్ ఫ్రోజెన్ ప్లాస్మా. కండలో ఇంజెక్షన్ వద్దు, ఆస్పిరిన్, డైక్లోఫినాక్ వద్దు. చివర డాక్టర్ సంతకం, ఆసుపత్రి ఫోన్ నంబరు, అమ్మ నంబరు, నాన్న నంబరు.